జార్జ్ హారిసన్: తన వేదికను ఇతరులకు అప్పగించిన గిటార్ విద్వాంసుడు

బీటిల్స్ అనగానే శ్రోతలకు ముందుగా గుర్తుకు వచ్చేవి జాన్ లెనన్, పాల్ మెకార్ట్నీ పేర్లు. ఆ బృందంలో అందరికంటే చిన్నవారు, ప్రధాన గిటార్ వాయించినవారు జార్జ్ హారిసన్. మితభాషి అని పత్రికలు ఆయనకు ముద్ర వేశాయి. పాటకు ఎంత అవసరమో అంతే వాయించి, మిగిలిన చోటును ఇతరులకు విడిచిపెట్టే స్వభావం ఆయన సంగీతంలోనూ, జీవితంలోనూ కనిపిస్తుంది. రికార్డుల నిర్మాతగా మారిన తరువాత ఆ స్వభావమే ఆయన పని అయింది. భారతీయ సంగీతం పాశ్చాత్య శ్రోతలకు చేరువ కావడంలోనూ, 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల కష్టం ప్రపంచానికి తెలియడంలోనూ ఆయన పాత్ర పెద్దది. అందుకోసం ఆయన తన పేరును, ధనాన్ని, ఒక దశలో కంఠాన్ని కూడా పణంగా పెట్టారు.

బస్సు కండక్టరు కుమారుడు

జార్జ్ హారిసన్ 1943 ఫిబ్రవరి 25న ఇంగ్లండ్‌లోని లివర్‌పూల్ నగరంలో జన్మించారు. వేవర్‌ట్రీ ప్రాంతంలో ఆర్నాల్డ్ గ్రోవ్ అనే చిన్న వీధిలో 12వ నంబరు ఇల్లు వారిది. కింద రెండు గదులు, పైన రెండు గదులు. మరుగుదొడ్డి పెరట్లో ఉండేది. తండ్రి హెరాల్డ్ మొదట ఓడలపై పనిచేసి, తరువాత బస్సు కండక్టరుగా స్థిరపడ్డారు. తల్లి లూయీస్ ఐరిష్ మూలాలున్న కాథలిక్ కుటుంబానికి చెందినవారు. నలుగురు సంతానంలో జార్జ్ కడపటివారు.

చదువు మీద ఆయనకు మనసు నిలవలేదు. పుస్తకాల నిండా గిటార్ బొమ్మలు గీసుకునేవారు. సుమారు 13 ఏళ్ల వయసులో మూడున్నర పౌండ్లు ఖరీదు చేసే ఒక పాత గిటార్‌ను తల్లిదండ్రులు ఆయనకు కొనిపెట్టారు. లోపల ఎలా ఉంటుందో చూడాలని మర విప్పితే దాని మెడ ఊడి వచ్చింది. అన్న పీటర్ దాన్ని మళ్లీ బిగించి ఇచ్చారు. వేళ్లు బొబ్బలెక్కే దాకా కుమారుడు సాధన చేస్తుంటే తల్లి రాత్రి పొద్దుపోయే వరకు పక్కనే కూర్చుని ప్రోత్సహించేవారు.

లివర్‌పూల్ ఇన్‌స్టిట్యూట్ పాఠశాలకు వెళ్లే బస్సులో ఆయనకు పాల్ మెకార్ట్నీ పరిచయమయ్యారు. 1958లో మెకార్ట్నీ ఆయనను జాన్ లెనన్ దగ్గరకు తీసుకువెళ్లారు. ఇంకా 15 ఏళ్లు నిండీ నిండని పిల్లవాడిని బృందంలో చేర్చుకోవడానికి లెనన్ మొదట తటపటాయించారు. జార్జ్ వాయిద్యం విన్న తరువాత మనసు మార్చుకున్నారు. 1960లో బృందం జర్మనీలోని హాంబర్గ్ వెళ్లింది. అక్కడి క్లబ్బుల్లో రాత్రివేళ గంటల తరబడి వాయించడమే వారికి అసలైన శిక్షణ. జార్జ్‌కు 18 ఏళ్లు నిండలేదని తెలిసిన అధికారులు ఆ ఏడాది నవంబరులో ఆయనను స్వదేశానికి పంపించివేశారు.

పాటలో ఒదిగిన వాయిద్యం

1962లో బీటిల్స్ తొలి రికార్డు వెలువడింది. 1964 ఫిబ్రవరిలో వారు అమెరికా టెలివిజన్‌లో కనిపించినప్పుడు 7 కోట్లకు పైగా ప్రేక్షకులు చూశారని అంచనా. ఆ కీర్తి వెల్లువలో జార్జ్ గిటార్ శైలి ప్రత్యేకంగా నిలిచింది. అమెరికన్ గిటార్ కళాకారులు కార్ల్ పెర్కిన్స్, చెట్ ఆట్కిన్స్ బాణీలను ఆయన శ్రద్ధగా అధ్యయనం చేశారు. వేగం ప్రదర్శించడం ఆయన ఉద్దేశం కాదు. గాయకుడు ఆగిన చోట నాలుగైదు స్వరాలతో ఒక చిన్న వరుస అల్లి, పాటను తిరిగి గాయకుడికి అందించేవారు. మన కచేరీల్లో మంచి పక్కవాద్య విద్వాంసుడు చేసే పని అదే. 1964లో ఆయన వాయించిన 12 తీగల రికెన్‌బ్యాకర్ గిటార్ ధ్వని అమెరికాలో బర్డ్స్ వంటి బృందాలకు దారి చూపింది.

పాటలు రాయడంలో మాత్రం ఆయనకు చోటు సులభంగా దొరకలేదు. లెనన్, మెకార్ట్నీ జంటగా రాసిన పాటలే రికార్డుల నిండా ఉండేవి. ఒక్కో ఆల్బమ్‌లో జార్జ్‌కు దక్కేది సాధారణంగా ఒకటి రెండు పాటలు. రాసిన పాటలు ఆయన వద్ద పేరుకుపోయాయి. ఈ అసంతృప్తి ఆయనను బృందం వెలుపలికి, మరో సంగీతం వైపు చూసేలా చేసింది.

సితార్ నేర్పిన వినయం

1965లో బీటిల్స్ తమ రెండో చలనచిత్రం కోసం నటిస్తున్నప్పుడు, సెట్‌లో భారతీయ వాద్యకారులు వాయిస్తున్న సితార్ జార్జ్ దృష్టిని ఆకర్షించింది. ఆ ఏడాది చివరలో వచ్చిన రబ్బర్ సోల్ ఆల్బమ్‌లో ఒక పాటకు ఆయన సితార్ వాయించారు. అప్పటికి ఆయన దాన్ని శాస్త్రీయంగా నేర్చుకోలేదు. అయినా ఆ ధ్వని పాశ్చాత్య పాప్ సంగీతంలో ఒక కొత్త మోజుకు కారణమైంది.

మోజు వేరు, విద్య వేరు అని ఆయనకు తెలియజెప్పినవారు పండిట్ రవిశంకర్. 1966 జూన్‌లో లండన్‌లో వారిద్దరూ కలుసుకున్నారు. పాఠం మధ్యలో ఫోను మోగితే లేచి సితార్‌ను దాటి వెళ్లబోయిన శిష్యుడిని గురువు కాలిపై కొట్టి మందలించారు. వాద్యం పట్ల భక్తి ఉండాలన్నది తన మొదటి పాఠమని జార్జ్ తరువాతి కాలంలో చెప్పుకునేవారు. ఆ సెప్టెంబరులో ఆయన భార్య ప్యాటీతో కలిసి బొంబాయి వచ్చారు. ఆయన తాజ్‌మహల్ హోటల్‌లో ఉన్నారని తెలిసి అభిమానులు, విలేకరులు గుమికూడటంతో గురుశిష్యులు శ్రీనగర్ చేరి, దాల్ సరస్సుపై పడవ ఇంట్లో సాధన కొనసాగించారు.

సుమారు రెండేళ్లకు ఆయన ఒక కఠినమైన నిజాన్ని అంగీకరించారు. చిన్ననాటి నుంచి గురుముఖంగా సాధన చేసినవారి స్థాయికి తాను చేరలేరు. రవిశంకర్ కూడా తన మూలాలను మరచిపోవద్దని ఆయనకు సూచించారు. 1968లో జార్జ్ తిరిగి గిటార్ వైపు మళ్లారు. నేర్చుకున్నది మాత్రం వృథా కాలేదు. 1969 చివరి నుంచి ఆయన స్లైడ్ గిటార్‌ను అభ్యసించారు. ఇందులో వేలికి తొడిగిన గొట్టాన్ని తీగపై జరుపుతూ స్వరం నుంచి స్వరానికి జారుతూ వెళ్తారు. మన గోటువాద్యం వినేవారికి ఈ పద్ధతి కొత్త కాదు. ఆయన స్లైడ్ వాయిద్యంలో గమకాన్ని తలపించే ఒయ్యారం వినిపిస్తుంది. అదే ఆయన గుర్తింపుగా మారింది.

నిర్మాతగా తొలి అడుగులు

తెలుగువారికి నిర్మాత అంటే సినిమాకు పెట్టుబడి పెట్టే వ్యక్తి. రికార్డు నిర్మాత పని వేరు. ఏ పాటను ఏ వాద్యాలతో వాయించాలి, ఎవరిని పిలవాలి, ఏ ధ్వని ముందుండాలి, ఏది వెనక్కి తగ్గాలి అని నిర్ణయించి, కళాకారుడి నుంచి అతని ఉత్తమ ప్రదర్శనను రాబట్టడం ఆ పని. ఫలితం బాగుంటే పేరు గాయకుడికి వస్తుంది.

1968 జనవరిలో జార్జ్ ఒక చిత్రానికి నేపథ్య సంగీతం కోసం బొంబాయిలోని హెచ్‌ఎంవీ స్టూడియోకు వచ్చారు. వేణువుపై హరిప్రసాద్ చౌరాసియా, సంతూర్‌పై శివకుమార్ శర్మ తదితరులు వాయించారు. ఆ సంగీతం వండర్‌వాల్ మ్యూజిక్ పేరుతో వెలువడింది. బీటిల్స్ సభ్యుడు ఒకరు విడిగా విడుదల చేసిన తొలి ఆల్బమ్ అదే. బీటిల్స్ స్థాపించిన ఆపిల్ సంస్థ నుంచి వచ్చిన తొలి ఆల్బమ్ కూడా అదే. అందులో జార్జ్ తెరపైకి రాలేదు. స్వరకర్తగా, నిర్మాతగా తెర వెనుకనే ఉన్నారు. బొంబాయిలో అప్పుడే రికార్డు చేసిన మరో వాద్య సంగీతం బీటిల్స్ పాట ది ఇన్నర్ లైట్‌కు ఆధారమైంది.

ఆపిల్ సంస్థలో ఆయన జాకీ లోమాక్స్, బిల్లీ ప్రెస్టన్, డోరిస్ ట్రాయ్ వంటి గాయకుల రికార్డులను నిర్మించారు. 1969లో లండన్ రాధాకృష్ణ మందిర భక్తుల హరేకృష్ణ మంత్రాన్ని రికార్డు చేసి విడుదల చేయగా, అది బ్రిటన్ పాటల పట్టికలో 12వ స్థానం వరకు వెళ్లింది. ఒక నామసంకీర్తన పాప్ పాటల సరసన చేరడం అప్పట్లో ఎవరూ ఊహించని విషయం.

బీటిల్స్ లోపల పరిస్థితి ఉద్రిక్తంగా మారింది. 1969 జనవరి 10న జార్జ్ రికార్డింగ్ మధ్యలో బృందాన్ని విడిచి వెళ్లిపోయారు. కొద్ది రోజుల తరువాత తిరిగి వచ్చినప్పుడు బిల్లీ ప్రెస్టన్‌ను వెంట తీసుకువచ్చారు. అతిథి ముందు అందరూ మర్యాదగా ఉంటారన్న ఆయన అంచనా ఫలించింది. అంతకు కొన్ని నెలల ముందు తన పాటకు ఎరిక్ క్లాప్టన్‌ను పిలిచి ప్రధాన గిటార్ వాయించమని కోరడం వెనుక కూడా ఇదే ఆలోచన ఉంది. తన పాటలోని అతి ముఖ్యమైన వాయిద్య భాగాన్ని ఒక గిటార్ కళాకారుడు మరొక గిటార్ కళాకారుడికి ఇవ్వడం అరుదైన విషయం.

విజయం, దాని వెంట వ్యాజ్యం

1969లో అబ్బే రోడ్ ఆల్బమ్‌లో వచ్చిన సమ్‌థింగ్, హియర్ కమ్స్ ది సన్ పాటలతో జార్జ్ పాటల రచయితగా సహచరులతో సమానంగా నిలిచారు. మరుసటి ఏడాది బీటిల్స్ విడిపోయింది. ఏళ్ల తరబడి పేరుకుపోయిన పాటలతో 1970 నవంబరులో ఆయన ఆల్ థింగ్స్ మస్ట్ పాస్ అనే మూడు రికార్డుల ఆల్బమ్ తెచ్చారు. ఫిల్ స్పెక్టర్ సహ నిర్మాత. అందులోని మై స్వీట్ లార్డ్ పాటలో హల్లెలూయా, హరేకృష్ణ నామాలు రెండూ వినిపిస్తాయి. విడిపోయిన బీటిల్స్ సభ్యుల్లో మొదటి స్థానం చేరిన తొలి పాట అదే.

అదే పాట ఆయనకు తలనొప్పి కూడా తెచ్చిపెట్టింది. దాని వరుస 1963 నాటి ఒక అమెరికన్ పాటను పోలి ఉందని ఆ పాట హక్కుదారులు దావా వేశారు. తెలియకుండానే ఆ వరుస ఆయన మనసులో నిలిచి బయటికి వచ్చిందని 1976లో న్యాయమూర్తి నిర్ధారించారు. దీనికి సంబంధించిన వివాదాలు 1990లలోనూ కొనసాగాయి. సంగీత హక్కుల చట్టం బోధించే చోట నేటికీ ఈ తీర్పు ప్రస్తావనకు వస్తుంది.

బంగ్లాదేశ్ కోసం

1970 నవంబరులో తూర్పు పాకిస్తాన్‌ను భీకర తుపాను ముంచెత్తింది. 1971 మార్చిలో సైనిక దాడులు మొదలయ్యాయి. సుమారు కోటి మంది సరిహద్దు దాటి భారతదేశంలోకి శరణార్థులుగా వచ్చారు. బెంగాలీ అయిన రవిశంకర్ పూర్వికుల ఊరు ఆ నేలమీదే ఉంది. ఒక కచేరీ చేసి 25,000 డాలర్లు పోగుచేయాలని తలచి, ఆయన శిష్యుడి సలహా అడిగారు. జార్జ్ ఆ ఆలోచనను పెద్దది చేశారు. కొన్ని వారాల పాటు ఫోను పట్టుకుని ఒక్కొక్క కళాకారుడినీ ఒప్పించారు.

1971 ఆగస్టు 1న న్యూయార్క్‌లోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో రెండు కచేరీలు జరిగాయి. రెండింటికీ కలిపి దాదాపు 40,000 మంది వచ్చారు. బాబ్ డిలాన్, ఎరిక్ క్లాప్టన్, రింగో స్టార్, లియోన్ రసెల్, బిల్లీ ప్రెస్టన్ పాల్గొన్నారు. అయితే కార్యక్రమాన్ని ఆరంభించింది రాక్ సంగీతం కాదు. సితార్‌పై రవిశంకర్, సరోద్‌పై అలీ అక్బర్ ఖాన్, తబలాపై అల్లా రఖా, తంబురపై కమలా చక్రవర్తి. వారు శ్రుతి చేసుకోవడం ముగించగానే అదే కచేరీ అనుకుని శ్రోతలు చప్పట్లు కొట్టారు. రవిశంకర్ చిరునవ్వుతో చమత్కరించి వాయించడం మొదలుపెట్టారు. బంగ్లాదేశ్ అనే పేరు అప్పటికి చాలా దేశాలు అధికారికంగా గుర్తించని పేరు. ఒక్క రోజులో అది కోట్ల మంది నోట వినిపించింది.

టికెట్ల ద్వారా వచ్చిన 2,43,000 డాలర్లకు పైగా సొమ్ము వెంటనే యునిసెఫ్‌కు చేరింది. ఆ కచేరీ ఆల్బమ్ 1973లో ఉత్తమ ఆల్బమ్‌గా గ్రామీ పురస్కారం పొందింది. కానీ ఆల్బమ్, చిత్రం ద్వారా వచ్చిన ఆదాయంలో అధిక భాగం అమెరికా పన్నుల శాఖ పరిశీలనలో ఏళ్ల తరబడి చిక్కుకుంది. కచేరీకి ముందే దాన్ని ధర్మకార్యంగా నమోదు చేయకపోవడం అందుకు కారణం. ఆకలితో ఉన్నవారి కోసం సేకరించిన సొమ్ము సకాలంలో అందకపోవడం జార్జ్‌ను బాధించింది. తరువాతి కాలంలో ఇలాంటి సహాయ కచేరీలు తలపెట్టినవారు ఈ అనుభవం నుంచి పాఠం నేర్చుకున్నారు. జార్జ్ కూడా 1973లో మెటీరియల్ వరల్డ్ చారిటబుల్ ఫౌండేషన్ స్థాపించి, తన కొత్త ఆల్బమ్‌లోని చాలా పాటల హక్కులను దానికి రాసిచ్చారు.

ఎదురుదెబ్బ

1974లో ఆయన డార్క్ హార్స్ పేరుతో సొంత రికార్డు సంస్థ ప్రారంభించారు. దాని తొలి విడుదలలలో ఒకటి ఆయన నిర్మించిన రవిశంకర్ ఆల్బమ్. ఆ సెప్టెంబరులో లండన్ రాయల్ ఆల్బర్ట్ హాలులో భారతీయ సంగీతోత్సవం ఏర్పాటుకు ఆయన ఫౌండేషన్ ఆర్థిక సహాయం అందించింది. హిందుస్తానీ విద్వాంసులతో పాటు కర్ణాటక సంగీతం నుంచి వయొలిన్‌పై ఎల్. సుబ్రమణ్యం, మృదంగంపై టి.వి. గోపాలకృష్ణన్ అందులో పాల్గొన్నారు.

నవంబరులో అదే కళాకారులను వెంటబెట్టుకుని జార్జ్ ఉత్తర అమెరికా యాత్ర చేశారు. విడిపోయిన బీటిల్స్‌లో ఒకరు ఆ ఖండంలో యాత్ర చేయడం అదే మొదటిసారి. శ్రోతలు పాత బీటిల్స్ పాటల కోసం ఎదురుచూశారు. వారికి దొరికింది సుదీర్ఘమైన భారతీయ సంగీతం, గొంతు బొంగురుపోయిన జార్జ్ పాట. తీవ్రమైన సాధనతో ఆయన స్వరపేటిక దెబ్బతింది. మధ్యలో రవిశంకర్ అస్వస్థులయ్యారు. విమర్శకులు కటువుగా రాశారు. మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో ఫలించిన పద్ధతే ఇక్కడ విఫలమైంది. తన పేరు చూసి వచ్చిన శ్రోతకు తాను మెచ్చిన సంగీతాన్ని వినిపించవచ్చునేమో గానీ, దాన్ని ఇష్టపడేలా చేయడం ఆయన చేతిలో లేదు. ఆ తరువాత 17 ఏళ్ల వరకు ఆయన మరో యాత్ర తలపెట్టలేదు.

తోట, సినిమా, స్నేహితులు

1970లో ఆయన హెన్లీ పట్టణం సమీపంలో ఫ్రయర్ పార్క్ అనే పాత భవనం కొన్నారు. అందులో సుమారు 120 గదులు. చుట్టూ ఉన్న తోట పాడుబడిపోయి ఉంది. దాన్ని స్వయంగా మట్టిలో దిగి బాగుచేయడం ఆయన జీవితకాల వ్యాపకమైంది. 1978లో ఒలీవియా ఆరియాస్‌ను వివాహమాడారు. అదే ఏడాది పుట్టిన కుమారుడికి ధ, ని స్వరాలను కలిపి ధాని అని పేరు పెట్టారు.

ఆ రోజుల్లోనే ఆయన మన అర్థంలోని నిర్మాత కూడా అయ్యారు. మాంటీ పైథాన్ హాస్య బృందం తీస్తున్న చిత్రం నుంచి పెట్టుబడిదారులు తప్పుకోగా, జార్జ్ తన ఇంటిని తాకట్టు పెట్టి ధనం సమకూర్చారు. అలా మొదలైన హ్యాండ్‌మేడ్ ఫిల్మ్స్ 1980లలో బ్రిటిష్ సినిమాకు ఊతమిచ్చింది. చివరికి నష్టాల్లో పడి 1994లో చేతులు మారింది.

1980 డిసెంబరులో జాన్ లెనన్ న్యూయార్క్‌లో హత్యకు గురయ్యారు. ఆ ఘటన జార్జ్‌ను మరింత ఏకాంతంలోకి నెట్టింది. 1987లో జెఫ్ లిన్‌తో కలిసి నిర్మించిన క్లౌడ్ నైన్ ఆల్బమ్‌తో ఆయన తిరిగి వచ్చారు. మరుసటి ఏడాది ఒక రికార్డు రెండో వైపుకు ఏదో ఒక పాట కావలసి వచ్చి మిత్రులను పిలిచారు. బాబ్ డిలాన్, టామ్ పెటీ, రాయ్ ఆర్బిసన్, జెఫ్ లిన్ వచ్చారు. ఆ పాట ఒక బృందానికి నాంది అయింది. ట్రావెలింగ్ విల్బరీస్ పేరుతో వారందరూ మారుపేర్లు పెట్టుకుని, ప్రఖ్యాతిని పక్కనబెట్టి అన్నదమ్ముల్లా పాడారు.

మద్రాసులో మంత్రాలు

నిర్మాతగా ఆయన చివరి పెద్ద కృషి మన పొరుగు నగరంలో మొదలైంది. 1996లో రవిశంకర్ వేదమంత్రాలకు, ఉపనిషత్తుల శాంతి పాఠాలకు సంగీతం కూర్చగా, జార్జ్ మద్రాసు వచ్చి రికార్డింగ్‌లో పాల్గొన్నారు. మిగిలిన భాగం ఫ్రయర్ పార్క్‌లో పూర్తయింది. చాంట్స్ ఆఫ్ ఇండియా పేరుతో అది 1997లో వెలువడింది. మంత్రంలోని ఉచ్చారణను, స్వరాన్ని మార్చకుండా, వీణ, వేణువు, తంబుర ధ్వనులను దాని చుట్టూ మృదువుగా అమర్చారు. రవిశంకర్ ఆత్మకథకు సంపాదకుడిగా వ్యవహరించింది కూడా ఆ రోజుల్లోనే.

1997లో ఆయనకు గొంతు క్యాన్సర్ ఉన్నట్టు తేలింది. 1999 డిసెంబరు 30 తెల్లవారుజామున ఒక ఆగంతకుడు ఇంట్లోకి చొరబడి ఆయనను కత్తితో పొడిచాడు. ఒలీవియా ధైర్యంగా ఎదుర్కొని భర్తను కాపాడారు. ఆ గాయం నుంచి కోలుకున్నా వ్యాధి తిరగబెట్టింది. 2001 నవంబరు 29న లాస్ ఏంజెలెస్‌లో 58 ఏళ్ల వయసులో జార్జ్ హారిసన్ కన్నుమూశారు. ఆయన అసంపూర్తిగా విడిచిన ఆల్బమ్‌ను కుమారుడు ధాని, జెఫ్ లిన్ పూర్తిచేసి మరుసటి ఏడాది విడుదల చేశారు.

సరిగ్గా ఏడాదికి రాయల్ ఆల్బర్ట్ హాలులో మిత్రులు సంస్మరణ కచేరీ నిర్వహించారు. 82 ఏళ్ల రవిశంకర్ తన శిష్యుడి కోసం అర్పణ్ అనే కృతిని స్వరపరచగా, అనౌష్క శంకర్ దానికి సారథ్యం వహించారు. ఆ కచేరీ ఆదాయం ఆయన స్థాపించిన ఫౌండేషన్‌కే వెళ్లింది.

బంగ్లాదేశ్ కచేరీ రికార్డుల అమ్మకాల నుంచి నేటికీ యునిసెఫ్‌కు సొమ్ము అందుతోంది. 2005 నుంచి అది జార్జ్ హారిసన్ పేరిట ఏర్పడిన నిధి ద్వారా పిల్లల సహాయ కార్యక్రమాలకు చేరుతోంది. ఒకనాడు పన్నుల లెక్కల్లో నిలిచిపోయి ఆయనను బాధపెట్టిన దానం, ఆయన వెళ్లిపోయిన తరువాత కూడా ఆగకుండా సాగుతోంది.